పాప చెవికి సరిపడే చప్పుడు

ఆ రోజు నాబు తిప్పింది నా చెయ్యే. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం నాకు తేలిక.

అవి డెబ్బైల నడిమి సంవత్సరాలు. విజయవాడలో కన్యస్త్రీలు నడిపే ఒక చెవిటి పిల్లల బడిలో నేను టీచరుగా చేరి ఏడాదిన్నర అయింది. మాది గన్నవరం దగ్గర పల్లె. మా నాన్నగారు మిషన్ బడిలో హెడ్మాస్టరు. మేము ప్రొటెస్టెంట్లం. కథోలిక్ సిస్టర్ల దగ్గర ఉద్యోగం అనేసరికి ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు పొద్దున్నే తనే నా ట్రంకుపెట్టె బస్సు మీదికి ఎక్కించి, "చెవులు వినపడని పిల్లలకి ఏ చర్చి అయితే ఏంలే. వెళ్ళిరా," అన్నారు.

నా తరగతిలో ఎనిమిది మంది. అందరూ ఆరేళ్ళకీ తొమ్మిదేళ్ళకీ మధ్య పిల్లలు, అక్కడే హాస్టల్లో నాతోపాటు ఉండి చదువుకునేవాళ్ళు. బెంచీలు అర్ధచంద్రాకారంగా వేసి ఉండేవి. నా బల్లమీద ఒక చెక్క పెట్టె, అందులో యాంప్లిఫయరు. దానికి ఒక మైకు. ఆ పెట్టెలోంచి వైర్లు నేలమీదుగా ఒక్కొక్క పిల్ల ముందుకీ వెళ్ళేవి. ప్రతి పిల్ల ముందూ అగ్గిపెట్టెకి రెండింతలుండే డబ్బా, దానికి ఒక నాబు, హెడ్‌ఫోను గుచ్చడానికి ఒక రంధ్రం. నేను మైకులో మాట్లాడితే ఎనిమిది మందికీ చెవుల్లో పడాలి. మా పిల్లల్లో పూర్తిగా ఏమీ వినపడనివాళ్ళు తక్కువ. ఏదో ఒక మూల కాస్తంత మిగిలి ఉంటుంది. ఆ కాస్తని పట్టుకుని మాట నేర్పాలని మా ప్రయత్నం. సైగలు చెయ్యకూడదనేవాళ్ళు ఆ రోజుల్లో. చేసేవాళ్ళం, పెద్ద సిస్టర్ అటు తిరిగినప్పుడు.

హెడ్‌ఫోన్లు మాత్రం ఎప్పటివో. యుద్ధకాలం నాటివని పెద్ద సిస్టర్ చెప్పేవారు. నల్లగా, బరువుగా ఉండేవి. గంట పెట్టుకుంటే పిల్లల చెవుల చుట్టూ ఎర్రటి గుండ్రాలు పడేవి. అందులోంచి చప్పుడు కూడా పీలగా వచ్చేది. అందుకని పెట్టెమీది పెద్ద నాబు ఎప్పుడూ చివరిదాకా తిప్పే ఉంచేవాళ్ళం. పిల్లల డబ్బాల నాబులకి, ఎవరికి ఎంతవరకు తిప్పాలో తెలియడానికి ఎర్ర రంగుతో చుక్కలు పెట్టాను.

ఆ పిల్లల్లో ఒక పాప ఉండేది. ఏడేళ్ళు. పెడన నుంచి వచ్చింది. వాళ్ళ నాన్న మగ్గం నేస్తాడు. మూడేళ్ళప్పుడు మెదడుకి జ్వరం సోకి, తగ్గేసరికి వినికిడి పోయింది. అప్పటిదాకా వచ్చిన నాలుగు మాటలూ దాంతోపాటే పోయాయి. ఆ పాపకి ఆ బరువు హెడ్‌ఫోనంటే ఇష్టం. అందరికంటే ముందొచ్చి తగిలించుకుని, వీపు నిటారుగా పెట్టి కూర్చునేది. నేను మైకులో "బా" అనగానే టక్కున వేలెత్తేది. నా నోటికి అడ్డంగా పుస్తకం పెట్టుకుని అన్నా ఎత్తేది. వినపడింది అని చెప్పడానికి ఆమెకి ఉన్న మాట ఆ వేలు. ఒక్కోసారి "ఆ..." అని తను కూడా అనేది. సన్నగా, చివర పైకి లేపి.

ఆ ఏడాది క్రిస్మస్ అయ్యాక మా బడిని చూడ్డానికి విదేశాల నుంచి కొందరు వచ్చి వెళ్ళారు. తర్వాత కొన్నాళ్ళకి వాళ్ళ దగ్గర్నుంచి ఒక అట్టపెట్టె వచ్చింది. అందులో ఎనిమిది కొత్త హెడ్‌ఫోన్లు. తేలిగ్గా, చెవి దగ్గర మెత్తటి దిండ్లతో ఉన్నాయి. నాకెంత సంబరమో! సాయంత్రం దాకా ఆగలేకపోయాను. మొదటిది ఆ పాపకే పెట్టాలనుకున్నాను. పాత దాన్ని పీకి, అదే రంధ్రంలో కొత్తది గుచ్చాను. చక్కగా పట్టింది. పాప చెవులకి తొడిగాను. ఆమె ఆ మెత్తదనాన్ని రెండు చేతులతో నొక్కి చూసుకుని నవ్వింది. డబ్బా నాబు ఎర్రచుక్క దాకా తిప్పి, నా బల్ల దగ్గరికి వెళ్ళి, మైకు తీసుకుని, రోజూలాగే గట్టిగా "బా" అన్నాను.

పాప అరిచిన అరుపు నాకిప్పటికీ గుర్తు. ఆ గొంతులో అంత అరుపుందని నాకు తెలియదు. హెడ్‌ఫోను లాగి విసిరేసింది. దాంతోపాటు డబ్బా కూడా ఊడి కిందపడింది. రెండు చేతులతో చెవులు మూసుకుని బెంచీ కిందకి దూరిపోయింది. మిగతా పిల్లలు బిత్తరపోయి చూస్తున్నారు. నేను వంగి చెయ్యి చాచాను. ఆమె గోడకి ఆనుకుపోయింది. ఆ చూపులో కోపం లేదు. నేను కావాలనే చేశానని నమ్మిన చూపు అది.

పాపని ఆయాకి అప్పగించాక, ఆ హెడ్‌ఫోను నా చెవికి పెట్టుకుని, పెద్ద సిస్టర్‌ని మైకులో ఒక్క మాట అనమన్నాను. ఆవిడ మామూలుగానే అన్నారు. నేను కూడా విసిరేశాను. సాయంత్రం దాకా నా చెవిలో గుయ్యిమని మోగుతూనే ఉంది.

"కొత్తవి లోపల పెట్టెయ్యి. పాతవి చాలు మనకి," అన్నారు పెద్ద సిస్టర్. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదనిపించింది.

పాతవే మళ్ళీ పెట్టాం. కానీ పాప వాటినీ ముట్టుకోలేదు. బెంచీకి ఆ చివర కూర్చునేది. నేను మైకు పట్టుకుంటే చాలు, చేతులు చెవులమీదికి వెళ్ళిపోయేవి. వేలెత్తడం మానేసింది. ఆ సన్నటి "ఆ..." కూడా ఆగిపోయింది. వారం, రెండు వారాలు, మూడు వారాలు. అన్నం దగ్గర నేను వడ్డిస్తే తినేది, నా పక్కన పడుకునేది కూడా. క్లాసులో మాత్రం నేనంటే భయం. తినేటప్పుడు ఉండే నేనూ, మైకు దగ్గర ఉండే నేనూ ఆమెకి వేరు వేరు మనుషులమైపోయాం.

చివరికొక శనివారం మధ్యాహ్నం పెద్ద సిస్టర్‌ని అడిగి, యాంప్లిఫయరు పెట్టె ఒళ్ళో పెట్టుకుని, ఒక పాత హెడ్‌ఫోనూ ఒక కొత్త హెడ్‌ఫోనూ సంచిలో వేసుకుని, రిక్షాలో వన్ టౌన్‌కి బయల్దేరాను. అక్కడ ఒక సందులో, తవుడు బస్తాల కొట్టుకీ ఇత్తడి సామాన్ల కొట్టుకీ మధ్య, మా సిస్టర్ల రేడియో బాగుచేసే ఆయన ఉండేవాడు. యాభై ఏళ్ళుంటాయి. అంతకుముందు మిలటరీలో వైర్‌లెస్ ఆపరేటరు. తోపుడు బళ్ళు దారివ్వక రిక్షా సందు మొదట్లోనే ఆగిపోయింది. పెట్టె మోసుకుంటూ వెళ్ళి ఆయన ఎడమపక్కన నిలబడి చెప్పడం మొదలుపెట్టాను.

"ఇటేపు రండమ్మా," అన్నాడు, కుడిచేతివైపు స్టూలు జరిపి. "అటు చెవి నాకు పన్చెయ్యదు."

జరిగిందంతా చెప్పాను. ఆయన మీటరు తీసి పాత హెడ్‌ఫోను మొన దగ్గర రెండు తీగలూ ఆనించాడు. సూది కదిలింది. తర్వాత కొత్తదానికి ఆనించాడు.

"ఇది రెండు వేల ఓమ్‌లు. ఇదేమో ఎనిమిది," అన్నాడు.

"అంటే?"

ఆయన రెండు హెడ్‌ఫోన్లూ బల్లమీద పక్కపక్కన పెట్టాడు. "మీ ఊళ్ళో పొలాలున్నాయా?"

"ఉన్నాయండీ."

"మెరకచేలోకి నీళ్ళెక్కాలని కాలవ తూము పూర్తిగా ఎత్తారనుకోండి. ఆ తూము కిందకే పల్లపుచేను తెచ్చి పెట్టారు. మునిగిపోదూ? మీ పాత హెడ్‌ఫోను మెరకచేను. ఎంతో తోస్తేగానీ పలకదు. అందుకే మీరు పెట్టె నాబు చివరిదాకా తిప్పి ఉంచారు. కొత్తది చిటికెడు ఇస్తే చాలు, పెద్దగా పలుకుద్ది. దానికీ మీరు అంతా ఇచ్చారు."

"మరి ఏది పాడైందండీ?"

"ఏదీ పాడవలేదు. మెషీను మంచిదే, హెడ్‌ఫోనూ మంచిదే. ఒకదానికొకటి కుదర్చకుండా కలిపారు, అంతే." మీటరు పక్కన పెట్టి నా వంక చూశాడు. "ఎంతమంది పిల్లలకి తగిలిందమ్మా దెబ్బ?"

"ఒక్క పాపకేనండీ. మొదట తనకే పెట్టాను."

ఆయన తన ఎడమ చెవి తమ్మెని వేళ్ళతో పట్టుకున్నాడు. "నాకూ ఇట్టాగే పోయిందమ్మా. డ్యూటీలో ఉండగా ఎవరో సెట్టు మార్చారు, నాకు చెప్పలేదు. నేను నాబు చూసుకోలేదు," అన్నాడు.

"పాపకి కూడా ఉన్న కాస్తా పోయుంటుందంటారా?"

"ఒక్కసారికి పోకపోవచ్చు. నాది చాలాసేపు. చూద్దాం," అన్నాడు. "మీరు ఈ పెట్టె ఇక్కడ వదిలెయ్యొద్దు. నేనే వస్తాను. ఏ చెవిలోకి వెళ్తుందో చూడకుండా ఇక్కడ కూచుని ఏం కుదురుస్తాను?"

ఆయన అన్నట్టే తర్వాతి శనివారం పనిముట్ల పెట్టె సైకిలుకి కట్టుకుని బడికి వచ్చాడు. అలా మూడు శనివారాలు వచ్చాడు. మొదటిరోజు యాంప్లిఫయరు మూత విప్పి, లోపల ఏవో మార్చి, దాని బలాన్ని బాగా తగ్గించాడు. పెద్ద నాబుని అసలు పీకేసి, దాని మొదలు లోపలే బిగించేశాడు. "ఇహ ఇది ఎవరి చేతికీ అందదు," అన్నాడు. తర్వాత ఒక్కొక్క పిల్ల డబ్బా విప్పి, హెడ్‌ఫోనుకి వెళ్ళే తీగ మధ్యలో చిన్న రెసిస్టరు అతికాడు. బియ్యపు పురుగంత ఉండేది అది. దానివల్ల కొత్త హెడ్‌ఫోనులోకి వెళ్ళేది తగ్గుతుంది.

"ఇంత చిన్నదానితోనే అయిపోతుందా?" అన్నాను.

"ఇది లేకపోతే మీ నాబు ఇట్టా గోరంత కదిలిస్తే చాలు, చప్పుడంతా అక్కడే అయిపోద్ది. ఆ తర్వాతంతా నొప్పే. ఇది పెడితే నాబు మొదట్నుంచీ చివరిదాకా పనికొస్తది. పిల్ల మెల్లగా తిప్పుకోవచ్చు. ఎక్కడ చాలో తనే ఆపుకోవచ్చు. ఇంకోటమ్మా, అన్నిటికంటే ముఖ్యం: చివరిదాకా తిప్పినా పిల్లకి నొప్పి రాకూడదు. అంతకు మించి రాకుండా నేను లెక్క చూస్తన్నా."

ప్రతి డబ్బా బిగించాక ముందు తను తన కుడిచెవికి పెట్టుకుని వినేవాడు. నాకు భయం వేసేది, ఉన్న ఒక్క చెవీ అని. తర్వాత నాకు పెట్టేవాడు. ఆ తర్వాతే పిల్లలకి. మొదట్లో మైకు ముందు ఎవరూ మాట్లాడకపోయినా కొత్త హెడ్‌ఫోనులో సుయ్యిమని ఒక హోరు వినపడేది. అది కూడా ఆయన చెయ్యి పడేసరికి తగ్గిపోయింది. నాకు మాట తేటగా వినపడింది. నా సొంత గొంతు నాకే కొత్తగా తోచింది. ఇన్నాళ్ళూ ఆ పాత మెషీనులో నేను పిల్లలకి ఎంత ముద్దగా, గరగరగా వినపడుతూ ఉన్నానో అప్పుడు తెలిసింది.

పిల్లల్ని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, నేను మైకులో మాట్లాడుతుంటే, ఆయన నాబు వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ మొహం చూసేవాడు. ఎక్కడ కళ్ళు కదిలాయో ఒక గీత. ఎక్కడ నుదురు ముడిపడిందో ఇంకో గీత. ఒక నోటుబుక్కులో పిల్లలందరి గీతలూ రాసుకున్నాం. మొదటి గీతకీ రెండో గీతకీ మధ్య ఉన్న జాగాలోనే ఆ పిల్ల వినగలదు. కొందరికి ఆ జాగా నాలుగు వేళ్ళ వెడల్పుంది. కొందరికి ఒక్క వేలు. చెవిటివాళ్ళకి ఎంత గట్టిగా అరిస్తే అంత మేలని అనుకునేదాన్ని నేను. వినపడని చెవికి కూడా నొప్పి మామూలు చెవిలాగే తెలుస్తుందనీ, ఒక్కోసారి వినపడ్డానికీ నొప్పి పుట్టడానికీ మధ్య అడుగు దూరం కూడా ఉండదనీ ఆ నోటుబుక్కే నేర్పింది నాకు. ట్రైనింగులో ఎవరో చెప్పే ఉంటారు. నేను రాసుకునే ఉంటాను.

ఇద్దరు పిల్లలకి కొత్తవి సరిపడలేదు. వాళ్ళ డబ్బాలకి వేరే అమరిక చేసి, పాత హెడ్‌ఫోన్లే ఉంచాడు ఆయన.

పాప మాత్రం మొదటి రెండు శనివారాలూ తలుపు దగ్గరే నిలబడి చూసింది. లోపలికి రాలేదు. నేను పిలవబోతే ఆయన వద్దన్నాడు. "రానివ్వండి. తన కాళ్ళతో తనే రావాల," అన్నాడు. మూడో శనివారం ఆయన ఒక హెడ్‌ఫోను బల్లమీద వెల్లకిలా పెట్టి, దాని దిండులో నాలుగు మరమరాలు వేసి, మైకులో మెల్లగా "ఊ..." అని మూలిగాడు. మరమరాలు చిటపట కదిలాయి. పాప ఒక అడుగు లోపలికి వేసింది. ఆయన మళ్ళీ మూలిగాడు. ఇంకో అడుగు. కాసేపటికి బల్ల దగ్గరికొచ్చి, మరమరాలు తీసి నోట్లో వేసుకుని, హెడ్‌ఫోను అరచేతిలో బోర్లించి పట్టుకుంది. ఆయన మూలుగుతుంటే అరచేతిలో దాని వణుకు తెలుస్తున్నట్టుంది, కళ్ళు పెద్దవి చేసింది.

అప్పుడు హెడ్‌ఫోను తీసుకుని నా దగ్గరికి వచ్చింది. నన్ను వంగమని చెయ్యి లాగింది. నా చెవులకి తొడిగింది. డబ్బా నాబు పట్టుకుని చివరిదాకా తిప్పేసింది. ఆయన వైపు వేలు చూపించి, మాట్లాడు అన్నట్టు నోరు తెరిచి మూసింది.

ఆయన నా వంక చూశాడు. పిల్లలకి సరిపడే చప్పుడు నాలాంటి మామూలు చెవికి ఎక్కువేనని ఇద్దరికీ తెలుసు. తల ఊపాను. ఆయన ఎంత నెమ్మదిగా అనగలడో అంత నెమ్మదిగా, "ఒకటి, రెండు, మూడు," అన్నాడు.

నొప్పి కాదుగానీ, గట్టిగానే తగిలింది. నవ్వుతూ ఉందామనుకున్నాను. వల్ల కాలేదు. కళ్ళు మూసుకుపోయాయి, నీళ్ళు కూడా వచ్చాయి. కళ్ళు తెరిచేసరికి పాప మొహం నా మొహానికి ఇంత దగ్గరలో ఉంది. చూస్తోంది. ఆ చెయ్యి అప్పటికే నాబుని వెనక్కి తిప్పేస్తోంది. పూర్తిగా తిప్పేసి, హెడ్‌ఫోను తీసేసి, నా చెవిని తన అరచేత్తో రుద్దింది. కుడిది, తర్వాత ఎడమది. తర్వాత నా చెంపమీది తడి కూడా తుడిచింది.

అంతే. తను మాత్రం పెట్టుకోలేదు. ఆడుకోవడానికి బయటికి పరుగెత్తింది. ఆయన వెనక్కి తిరిగి పనిముట్లు సర్దుకోవడానికి చాలాసేపు తీసుకున్నాడు.

మర్నాడు ఆదివారం. పాప వాళ్ళ నాన్న వచ్చే ఆదివారం. ఉయ్యూరు దగ్గర చెరకు బళ్ళు రోడ్డంతా కమ్మేసి బస్సు ఆగిపోయిందట, పన్నెండు దాటాక వచ్చాడు. బక్కపలచటి మనిషి, ముప్ఫై ఏళ్ళుండవు. వచ్చినప్పుడల్లా కూతురికి తల దువ్వేవాడు, గోళ్ళు తీసేవాడు, పక్కన కూర్చుని జంతికలు తినిపించేవాడు. ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. అలవాటేమో అనుకునేదాన్ని.

ఆ రోజు పాప ఆయన చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది, తిన్నగా నా క్లాసులోకి. నేను వెనకే వెళ్ళాను. ఆయన్ని నా కుర్చీలో కూర్చోబెట్టింది. మైకు తీసి చేతిలో పెట్టింది. తను వెళ్ళి తన పాత చోట కూర్చుని, కొత్త హెడ్‌ఫోను తనే తొడుక్కుంది. నాబు పూర్తిగా వెనక్కి ఉందో లేదో రెండుసార్లు చూసుకుంది. అప్పుడు ఆయన వైపు చూసి తల ఊపింది.

"ఏంటండీ ఇది? ఏం చెయ్యమంటంది?" అన్నాడు నాతో, మైకుని దూరంగా పట్టుకుని.

"మాట్లాడమంటోందండీ. మీ గొంతు వింటుంది."

"దానికి వినపడదు గదండీ."

"కొంచెం వినపడుతుంది. మీరు మాట్లాడండి, చూద్దాం."

"ఏం మాట్లాడాలండీ?"

"మీ ఇష్టం. రోజూ ఏం మాట్లాడతారో అదే."

ఆయన తల వంచుకున్నాడు. "జొరం వచ్చి తగ్గిన కాణ్ణుంచీ దాంతో మాట్టాడ్డం మానేశానండీ," అన్నాడు. "మొదట్లో మాట్టాడేవోణ్ణి. అది పలక్కపోతే నాకు ఏడుపొచ్చేది. అది చూసి అదీ ఏడిసేది. ఇహ మానుకున్నా."

పాప ఎదురుచూస్తోంది. ఆయన మైకు నోటి దగ్గర పెట్టుకుని, గొంతు సవరించుకుని, "తల్లీ," అన్నాడు. "అన్నం తిన్నావా?"

పాప నాబు గోటితో కొద్దిగా తిప్పింది.

"అన్నం తిన్నావా, తల్లీ?"

ఇంకొంచెం తిప్పింది. ఆయన అదే మాట మళ్ళీ అన్నాడు. ఇంకొంచెం. ఎక్కడో ఒకచోట ఆమె చెయ్యి ఆగిపోయింది. ఊపిరి బిగబట్టింది. తల మెల్లగా ఎత్తి ఆయన నోటి వైపు చూసింది. వేలు పైకి లేచింది.

ఆయనకి ఆ వేలు అర్థం కాలేదు. "ఏంటండీ?" అన్నాడు నాతో.

"వినపడిందంటోందండీ," అన్నాను.

ఆయన మాట ఆగిపోయింది. పాప డెస్కుమీద చేత్తో దబదబా కొట్టింది, ఆపొద్దు అన్నట్టు. "తిన్నావా, తల్లీ? ఏం కూర? పప్పా? పప్పేనా?" అంటూ ఆయన అందుకున్నాడు. తర్వాత కూర సంగతి అయిపోయింది. తమ్ముడికి పన్ను వచ్చిందని చెప్పాడు. మగ్గంమీద ఇప్పుడు ఆకుపచ్చ అంచు చీర నడుస్తోందనీ, పేక దారం రెండుసార్లు తెగిందనీ, పక్కింటివాళ్ళు గేదెని కొన్నారనీ, అది దూడని దగ్గరికి రానివ్వడం లేదనీ చెప్పాడు. పాపకి అందులో ఒక్క మాట కూడా తెలియదు. కళ్ళు ఆర్పకుండా వింటూనే ఉంది. నేను బయటికొచ్చి మెట్లమీద కూర్చున్నాను. నాలుగేళ్ళ మాటలు కదా, అలా వస్తూనే ఉన్నాయి లోపల్నుంచి. మధ్యలో ఒకసారి పాప గొంతు కూడా వినపడింది. "ఆ..." అని.

ఆ వేసవిలో సెలవులు దగ్గరపడుతుంటే పాప నాన్న నన్ను అడిగాడు, ఆ మెషీను రెండు నెలలు ఇంటికి తీసుకెళ్ళొచ్చా అని. ఎలా కుదురుతుంది? అది బల్లలకి బిగించిన మెషీను, కరెంటు లేనిదే పలకదు. వాళ్ళ ఇంట్లో కరెంటు లేదు. ఆ మాట మాటల్లో రేడియో ఆయనతో అన్నాను. ఆయన మీసం దువ్వుకున్నాడు.

"పాత హెడ్‌ఫోనైతే నా వల్ల కాదనేవోణ్ణి. దాన్ని పలికించే సత్తువ టార్చిలైటు బ్యాటరీల్లో ఉండదు. కొత్తది కాబట్టి చాలు. దానికెంత కావాల, చిటికెడే గదా," అన్నాడు.

పది రోజుల్లో ఒక సబ్బుపెట్టెలో తయారుచేసి తెచ్చాడు. రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు బ్యాటరీలు, చిన్న మైకు, ఒక నాబు. నోటుబుక్కు తీయించి, పాప పేజీలో ఉన్న రెండు గీతలూ చూసి, రెండో గీత దాటి చప్పుడు రాకుండా కట్టడి చేశాడు. తన చెవికి పెట్టుకుని విన్నాడు. నా చెవికి పెట్టాడు. పాప చేతికిచ్చాడు. పెద్ద సిస్టర్ ఆ హెడ్‌ఫోనుని బడి సామాన్ల పుస్తకంలో ఎలా రాయాలో తెలియక, "పాప చెవుల మీద ఉన్నది" అని రాసుకున్నారు.

మే నెలలో నేను పెడన వెళ్ళాను. చూడకుండా ఉండలేకపోయాను. బందరులో దిగి ఇంకో బస్సు ఎక్కి వెళ్ళేసరికి ఎండ మండిపోతోంది. వీధి వీధంతా మగ్గాల చప్పుడు. పాప ఇంటి వసారాలో కూర్చుని ఉంది. చెవులకి ఏమీ లేదు. మగ్గం నడిచేటప్పుడు తనే తీసేస్తుందట, ఆ చప్పుడు ఎక్కువవుతుందని. నన్ను చూసి పరుగెత్తుకొచ్చి చీర కుచ్చిళ్ళలో మొహం దాచుకుంది.

మరి హెడ్‌ఫోను ఎక్కడుందా అని చూస్తే, నులకమంచంమీద కూర్చున్న ముసలావిడ తలకి ఉంది. పాప నాయనమ్మ. వయసుతో చెవులు దూరమయ్యాయి ఆవిడకి. మనవరాలు పొద్దుటి పూట తను పెట్టుకుని, మగ్గం మొదలయ్యాక ఆవిడకి ఇస్తుందట. పాప నన్ను వదిలి వెళ్ళి, నాయనమ్మ మొహంలోకి చూస్తూ నాబు కాస్త వెనక్కి తిప్పి, మైకు నా చేతికిచ్చింది.

"బాగున్నారా అండీ? నేను పాప టీచర్ని," అన్నాను.

"ఆ, వినపడతందమ్మా, శుబ్బరంగా వినపడతంది," అంది ఆవిడ. "ఇన్నాళ్ళూ మా కోడలు వంటింట్లో నన్నేమంటందో తెలిసేది కాదు. ఇప్పుడన్నీ తెలస్తన్నయి." వంటింట్లోంచి పాప తల్లి పెద్దగా నవ్వింది. "అందుకే ఇప్పుడేమీ అనట్లేదత్తా," అంది.

ఆ పాప మా బడిలో ఏడో తరగతి దాకా చదివింది. ముప్ఫై నలభై మాటలు బయటివాళ్ళకి కూడా అర్థమయ్యేలా అనగలిగేది. మిగతావి ఇంట్లోవాళ్ళకి అర్థమయ్యేవి. పెదాలు చూసి ఎదుటివాళ్ళ మాట పట్టుకోవడంలో మాత్రం ఆమెని మించినవాళ్ళు మా బడిలో లేరు. తర్వాత మగ్గం నేర్చుకుంది. రేడియో ఆయన ఇంకో ఆరేళ్ళు మా బడికి వస్తూనే ఉన్నాడు. ఆయన దగ్గర నేను తీగలకి అతుకు పెట్టడం నేర్చుకున్నాను. ప్రతి సోమవారం పిల్లలు రాకముందే ఒక్కొక్క హెడ్‌ఫోనూ నా చెవికి పెట్టుకుని వినేదాన్ని. ఉద్యోగం చేసినన్నాళ్ళూ అది మానలేదు.

ఆ రోజు పెడనలో వాళ్ళింట్లో భోజనం చేసి, సాయంత్రం బయల్దేరాను. బస్సు దాకా దిగబెడతామని తండ్రీ కూతురూ వచ్చారు. బ్యాటరీలు దాచుకోవాలని సబ్బుపెట్టె ఇంట్లోనే వదిలింది పాప. చెవులకి ఏమీ లేదు. ఆయన మాత్రం దారిపొడుగునా ఆమెతో మాట్లాడుతూనే ఉన్నాడు. అదుగో గేదె, ఇదుగో దూడ, ఇది మీ మావయ్యోళ్ళ మగ్గం, జాగర్త, కాలవ. పాప ముందుకి చూసి నడవడం లేదు. ఆయన మొహం కేసి చూస్తూ పక్కగా, అడ్డంగా అడుగులేస్తూ నడుస్తోంది. రాయి తగిలినప్పుడల్లా ఆయన భుజం పట్టుకుని నిలబెట్టి, మాట ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి మళ్ళీ మొదలుపెట్టేవాడు. బస్సు వచ్చేదాకా అలా చెబుతూనే ఉన్నాడు.